దీవికి కాపు కాసిన నలభై మంది

తొంభైల చివర్లో దర్శి దగ్గర ఒక ఊళ్లో సోషల్ టీచరుగా నాకు మొదటి పోస్టింగు వచ్చింది. ఊరి చుట్టూ పత్తి చేలు, అవి దాటితే మిరప తోటలు. వంట చేసుకోవడం కూడా సరిగా రాని నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక అమ్మ నాతోపాటు వచ్చింది. అద్దె ఇంట్లో మంచాలు ఇంటివాళ్లవే గానీ పరుపులు మేం తెచ్చుకున్నవి. వాటిలో దూది ఏళ్ల తరబడి నలిగి గడ్డలు కట్టింది. అమ్మకు అసలే నడుం నొప్పి.

"ఈ రాళ్ల మీద పడుకోవడం నా వల్ల కాదే. ఎవరన్నా దూదేకుల సాయిబు ఉంటే పిలిపించు" అంది వారం తిరక్కుండానే.

పక్కింటావిడ కబురు పంపితే మర్నాడు ఒక ముసలాయన వచ్చాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, తలమీద టోపీ. భుజాన తన నిలువంత ఉన్న విల్లు. దూది ఏకే విల్లది. దాని నారి దూదికి ఆనించి, చేతిలోని కొయ్యతో కొడుతుంటే గడ్డలు విడిపోయి దూది పొగలా లేస్తుంది.

"ఏం తాతా, ఇవాళే అయిపోతుందా?" అని అడిగాను.

"కాస్త ఇటుపక్క నుంచి చెప్పమ్మా. ఆ చెవి చచ్చిపోయింది" అన్నాడు గట్టిగా, వీధి చివరికి వినపడేలా. నేను కుడివైపుకు వెళ్లి మళ్లీ అడిగాను.

ఆయన పరుపు కుట్టు విప్పి, లోపలి నుంచి చారెడు దూది తీసి చెంపకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని ఒక్క క్షణం అట్లాగే ఉన్నాడు.

"ఇయ్యాళ ఏకనమ్మా. తడుంది."

నేను చేత్తో పట్టుకు చూశాను. పొడిగానే ఉంది. అమ్మ కూడా చూసి, "ఎక్కడయ్యా తడి? నెలరోజుల నుంచి వానే లేదు" అంది.

"చేతికి తెలవదమ్మా. చెంపకు తెలుస్తది. ఇట్టా తెలియబట్టే ఒకప్పుడు నలభై మందిమి ఒక దీవిని నిలబెట్టాం" అన్నాడు ఆయన, దూదిని ఎండలో పరుస్తూ. పత్తి ధర గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. ముసలివాళ్లు ఏవో చెబుతుంటారనుకున్నాను. నేను చరిత్రలో ఎమ్మే చేసినదాన్ని. యుద్ధాలన్నీ నాకు తెలుసన్న ధీమా ఆ వయసులో నాకు బాగానే ఉండేది.

రెండోరోజు ఆయన వచ్చేసరికి వరండాలో బడి గ్లోబు ఉంది. దాని ఇరుసు ఊడిపోతే బాగుచేయించడానికి ఇంటికి తెచ్చాను. ఏకడం సగంలో ఆపి, చేతులకంటిన దూది దులుపుకుని ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"టీచరమ్మా, ఇందులో బంగాళాఖాతం ఎక్కడ?"

చూపించాను. ఆయన వేలు మద్రాసు నుంచి పైకి, కలకత్తా దాటి, బర్మాలోని అరకాను తీరం వెంబడి మెల్లగా కిందికి దిగింది. ఒకచోట ఆగింది. అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"లేదు. అంత చిన్నదాన్ని ఎవరేస్తార్లే" అన్నాడు.

"ఏ దీవి తాతా? పేరేమిటి?"

"తెల్లోళ్లు ఏదో పేరుతో పిలిచేవాళ్లు. మాకు నోరు తిరగలా. ఒకటే మంచినీళ్ల బావి ఉండేది గనక మేం బావి దీవి అనుకునేవాళ్లం."

ఆ మధ్యాహ్నం, ఆ మరునాడు, ఆయన ఏకుతూ ఆగుతూ చెప్పిందే ఈ కథ. మొదట నేను పేపర్లు దిద్దుకుంటూ విన్నాను. తరవాత ఎర్ర పెన్ను మూత పెట్టేశాను.

ఇరవై ఏళ్ల వయసులో, కరువు ఏడాది, పరుపులు కుట్టించుకునేవాళ్లు లేక ఆయన పటాలంలో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జపానువాళ్లు బర్మాను అప్పటికే తీసేసుకున్నారు. ఆ తీరానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న దీవికి నలభై మంది సిపాయిలను, ఒక తెల్ల అధికారిని పంపారు. దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఒక చుట్ట కాలేంత సేపు. ఒక దీపస్తంభం, ఒక వైర్‌లెస్ గది, జాలర్ల గుడిసెలు కొన్ని. మూడు వైపులా బురద, మడచెట్లు, పదునైన రాళ్లు. తూర్పున మాత్రం కొడవలిలా వంగిన ఇసుక తీరం. పడవలు వస్తే అక్కడికే రావాలి. ఆ ఇసుక వైపు గురిపెట్టి వాళ్లకున్న ఒకే ఒక మిషన్ గన్ను బిగించారు.

"పెద్దదమ్మా అది. మూడు కాళ్ల మీద కూర్చుంటది. గొట్టం చుట్టూ నీళ్ల తొట్టి. గుళ్లేమో గుడ్డపట్టీల్లో గుచ్చి ఉంటయ్, మల్లెపూల దండ మల్లే. పట్టీ ఒకపక్క నుంచి లోపలికి పోతా ఉంటే ఇంకోపక్క నుంచి ఖాళీగా వస్తది."

వానాకాలం పోయే రోజుల్లో తెల్ల అధికారికి చలిజ్వరం పట్టుకుంది. పైకి లేవలేని స్థితి. పెత్తనమంతా హవల్దారు మీద పడింది. ఆయన చిత్తూరు వైపు మనిషి, తెలుగూ అరవమూ కలిపి తిట్టేవాడట.

ఒక తెల్లవారుజామున పొగమంచులోంచి ఆరు పడవలు బయటపడ్డాయి. మొదట కాపలావాడు జాలర్లవనుకున్నాడట. జాలర్ల పడవలు అంత వరుసగా రావు కదా అని తోచేలోపే అవి ఇసుకకు దగ్గరపడ్డాయి. మిషన్ గన్ను మొదలైంది. పదో పదిహేనో గుళ్లు పోయాయి. ఆగిపోయింది. మళ్లీ సరిచేసి కాల్చారు. నాలుగు గుళ్లు, మళ్లీ ఆగింది.

"అప్పుడేం చేశారు?" అని అమ్మ అడిగింది. అప్పటికి అమ్మ కూడా కూరగాయల కత్తిపీట వరండాలోకి తెచ్చుకుంది.

"ఏం చేస్తామమ్మా? తుపాకులతో కాల్చాం. ఒక్కో గుండు ఏసి, మళ్లీ ఎక్కించి, మళ్లీ ఏసి. నా పక్కనున్న పిల్లోడు, రాజమండ్రి వైపోడు, నాకు ఆ ముందురోజే బీడీ ఇచ్చాడు. అట్టాగే తల వాల్చేశాడు. నిద్రపోయాడేమో అనుకున్నా. నిజంగా అట్టాగే అనుకున్నా."

ఇసుక మీద దిగినవాళ్లలో కొందరు పడిపోయారు. మిగిలినవాళ్లు వెనక్కి పడవలెక్కారు. పడవలు తుపాకీ గుండుకు అందనంత దూరం వెళ్లి, రాళ్ల దిబ్బ వెనక ఆగాయి. వెళ్లిపోలేదు. పోటు నీళ్ల కోసం చూస్తున్నారని హవల్దారుకు అర్థమైంది. మధ్యాహ్నం పోటెక్కితే పడవలు రాళ్ల మీదుగా నేరుగా వచ్చేస్తాయి.

ఆ వ్యవధిలో తాత గన్ను దగ్గరికి పాక్కుంటూ వెళ్లాడు. గన్ను ఆయన పని కాదు. ఆయన మామూలు తుపాకీ సిపాయి. పట్టీ ఒకటి తీసి చెంపకు ఆనించాడు.

"ఏందిరా అది, నీ పెళ్లామా? ముద్దులాడతన్నావ్!" అని హవల్దారు అరిచాడట.

"నూలు పట్టీ సార్. గాలిలో తడి పీల్చింది. తడిస్తే నూలు ఉబ్బి బిగుసుకుంటది. గుండును పట్టుకుంటది, వదలదు. ఇది ఎండితే మీ తుపాకి బాగానే పనిచేస్తది" అన్నాడు ఈయన.

"పరుపులు కుట్టేవాడివి, నువ్వు చెప్తావా నాకు?"

"పరుపులు కుట్టేవాణ్ణి గనకే చెప్తన్నా సార్."

హవల్దారు ఆయన మొహంలోకి చూశాడట. తరవాత ఒకే మాట అన్నాడు: "ఎట్టా ఎండబెడతావ్?"

ఎండ లేదు. సన్నగా తుంపర మొదలైంది. పట్టీలను నేరుగా మంట మీద పెడితే కాలిపోతాయి. అప్పుడు ఈయనకు ఇంటి దగ్గర వేరుశనక్కాయలు వేయించే ఇసుక గుర్తొచ్చింది. పెనంలో ఇసుక కాచి, గోనెసంచుల్లో పోసి, రెండు సంచుల మధ్య పట్టీ పెట్టి, ఇస్త్రీ చేసినట్టు తడి లాగేయాలి. దానికి ముందు గుళ్లన్నీ ఊడదీయాలి, తరవాత మళ్లీ గుచ్చాలి. ఎనిమిది పట్టీలు. ఒక్కోదానిలో రెండు వందల పైచిలుకు గుళ్లు.

పొయ్యికి కట్టెలు కావాలి. దీవిలో ఉన్న కట్టెలన్నీ తడిసిపోయి ఉన్నాయి. జాలర్ల గుడిసెల్లోంచి ఆడవాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. వాళ్ల భాష వీళ్లకు రాదు. ఈయన చేతులతో సైగ చేశాడు: మంట, కట్టె. వాళ్లకు అర్థమైంది. అటకల మీద దాచుకున్న ఎండుపుల్లలు తెచ్చారు. అవి అయిపోయాయి. చూరుల్లోంచి ఎండుగడ్డి లాగి తెచ్చారు. అదీ అయిపోయింది. ఒక ముసలమ్మ తన గుడిసె తలుపు పీకి, నెత్తిన పెట్టుకుని తెచ్చి, పొయ్యి ముందు పడేసిందట.

"తలుపమ్మా! ఇంటికి ఉన్న ఒకే తలుపు. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపితే ఆమె నా చేతి మీద కొట్టింది. గొడ్డలి లాక్కుని తనే నరికింది."

ఆయన ఇది చెప్పేటప్పుడు ఏకే కొయ్య ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వరండా అంతా తెల్లటి దూది గుట్ట. గాలికి చిన్న చిన్న పీచులు లేచి ఆయన కనుబొమల మీద వాలుతున్నాయి. నేను ఆ చేతుల వంక చూశాను. గోళ్ల చుట్టూ పగుళ్లు, బొటనవేలి మీద సూది ఒత్తి కాయ కాసిన మచ్చ. ఆ చేతులు ఒక దీవిని నిలబెట్టాయా అనుకున్నాను.

దీవిలో ఆయన పట్టీ తరవాత పట్టీ చెంపకు ఆనించి చూసి, ఎండిందన్నది గన్ను దగ్గరికి పంపుతున్నాడు. దెబ్బలు తగిలి లేవలేనివాళ్లు కూడా పడుకునే గుళ్లు గుచ్చుతున్నారు. జ్వరంతో వణుకుతున్న తెల్ల అధికారి దుప్పటి కప్పుకుని కూర్చుని, ఆయనా గుచ్చాడు. ఆరు పట్టీలు ఎండేసరికి పోటెక్కింది. ఎటునుంచో మరో ఆరు వచ్చి కలిశాయి, ఈసారి పన్నెండు పడవలు.

"ఇక చెప్పడానికేముందమ్మా. అది ఆగలా" అన్నాడు తాత.

కాసేపటికి గన్ను చుట్టూ తొట్టిలో నీళ్లు మరిగి ఆవిరైపోయాయి. అప్పుడు జాలరి ఆడవాళ్లు బావి దగ్గర నుంచి వరసగా నిలబడి, కుండలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి అందిస్తూ నీళ్లు పంపారు. గుళ్లు వాళ్ల తలల మీదుగా పోతున్నాయి. ఒకామె పడిపోతే ఆమె చోట్లోకి ఇంకొకామె జరిగింది. కుండ ఆగలేదు. ఈయన గన్ను పక్కనే పట్టీ పట్టుకుని, చిక్కుపడకుండా అందిస్తూ మోకాళ్ల మీద ఉన్నాడు. ఎడమ చెవి ఆ మధ్యాహ్నమే పోయింది.

పొద్దు వాలేసరికి రెండు పడవలు ఖాళీగా తేలుతున్నాయి. మిగిలినవి వెనక్కి తిరిగాయి. మర్నాడు ఒక పడవ దూరం నుంచి వచ్చి, చూసి, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నలభై మందిలో పదకొండు మంది పోయారు. జాలర్లలో ముగ్గురు. వారం తరవాత మనవాళ్ల ఓడ వచ్చింది. దిగిన అధికారి తీరమంతా తిరిగి చూసి, వరసలో నిలబడ్డవాళ్ల దగ్గరికి వచ్చి, "మిగతావాళ్లను కూడా పిలవండి" అన్నాడట.

"ఇంతేనండి" అన్నాడు హవల్దారు.

ఆ అధికారి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడట.

తాత ఇంకో సంగతి కూడా చెప్పాడు. తీరం మీద పడి ఉన్న జపాను సిపాయిలను పాతిపెట్టే పని ఈయన వంతుకు వచ్చింది. వాళ్లలో ఒకడి నడుముకు చొక్కా కింద తెల్లటి నూలు గుడ్డ కట్టి ఉంది. దానినిండా ఎర్రదారంతో ముడులు, వరసలు వరసలుగా.

"తాయెత్తులాంటిదేమో అనుకున్నా. కానీ కుట్టు చూశాక చెయ్యాడలా. ఒక్క మనిషి కుట్టింది కాదమ్మా అది. ఒక ముడి బిగించి ఉంది, ఒకటి వదులు, ఒకటి ఎడంచేత్తో వేసింది. ఒక్కో ముడిదీ ఒక్కో చెయ్యి. వందలమంది. ఈ ఒక్క పిల్లోడి కోసం ఊరుఊరంతా కుట్టిందేమో అనుకుని, విప్పకుండా అట్టాగే పాతిపెట్టా."

కొన్నేళ్ల తరవాత ఒంగోలులో కొత్తగా పెట్టిన ఒక నెట్ సెంటర్లో కూర్చుని దీని గురించి వెతికాను. యుద్ధానికి పోయే కొడుకు కోసం జపాను తల్లులు వీధిలో నిలబడి, దారినపోయే ఆడవాళ్లను ఒక్కో ముడి వేయమని అడిగేవాళ్లట. వెయ్యిమంది ఆడవాళ్లు, వెయ్యి ముడులు. నేను ఎమ్మే చదివీ ఈ సంగతి ఎరగను. ఆయన ఇసుక మీద మోకాళ్లూని, దారం వంక ఒకసారి చూసి చదివేశాడు. ఆ దీవి గురించి మాత్రం, ఎంత వెతికినా, ఒక్క వాక్యం దొరకలేదు. దొరక్కపోతేనేం అనిపించింది. గ్లోబు మీద ఆయన వేలు తడబడకుండా ఆగిన చోటు నాకు గుర్తుంది.

పరుపులు పూర్తయిన వారానికి ఆయన్ను మా బడికి పిలుద్దామని హెడ్మాస్టరు గారితో అన్నాను.

"పరుపులు కుట్టే సాయిబునా? ఏం చెప్తాడమ్మా పిల్లలకి?" అన్నారాయన.

"పాఠం చెప్తాడండి. నా పీరియడ్లోనే" అన్నాను.

ఆయన సరేనని, తనూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. తాత ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. విల్లు తేలేదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే చెప్పాడు, అదే గట్టి గొంతుతో. పక్క తరగతులవాళ్లు కిటికీల దగ్గర మూగారు.

అంతా అయ్యాక పదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. చురుకైన పిల్ల. నేను చెప్పిన స్వాతంత్ర్యోద్యమం పాఠమంతా కంఠతా వచ్చు.

"తాతా, అది తెల్లోళ్ల దీవి కదా. మనల్ని కూడా వాళ్లే ఏలుతున్నారు కదా అప్పుడు. వాళ్ల కోసం మనోళ్లెందుకు చావాలి?"

హెడ్మాస్టరు గారు ముందుకు వంగారు. ఆ ప్రశ్న నాలోనూ ఉంది. అడిగే ధైర్యమే లేకపోయింది.

తాత ఆ పిల్ల దగ్గరికి నడిచి, కుడి చెవి ఒగ్గి, మళ్లీ చెప్పించుకున్నాడు. తల ఊపాడు.

"మంచిగా అడిగావమ్మా. ఆ దీవిలో దిగిన రోజు నేనూ అదే అనుకున్నా. ఎవరి దీవి, ఎవరి గొడవ, తిండి పెడతన్నారు గనక ఉన్నా అని. చివరిదాకా తెల్లోళ్ల మీద నాకు పెద్ద ప్రేమేం లేదు. కానీ తలుపు నరికిన ముసలమ్మ తెల్లది కాదు గదా తల్లీ. నీళ్ల కుండ అందిస్తా పడిపోయిన ఆమె తెల్లది కాదు గదా. ఆ మధ్యాహ్నం నుంచి అది వాళ్ల దీవి. వాళ్ల ఇళ్ల ముందు కూర్చుని నేనెట్టా లేచి ఎల్లిపోతా?"

ఆ పిల్ల కూర్చోలేదు. నిలబడే చప్పట్లు కొట్టింది. వెనక బెంచీలోంచి హెడ్మాస్టరు గారు లేచి వచ్చి, తాత రెండు చేతులూ పట్టుకున్నారు. "టీ తాగుదురు గాని రండి" అన్నారు. ఆయన దూదేకుల తాతను 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు.

ఇదంతా జరిగాక తెలిసింది నాకు, సముద్రం అక్కడికి మూడు గంటల ప్రయాణం కూడా లేకపోయినా ఆయన ఇంటికి తిరిగొచ్చాక ఒక్కసారీ అటు పోలేదని. ఆయన కోడలు చెప్పింది. ఒంగోలులో పెళ్లికి పోయినా, అందరూ కొత్తపట్నం తీరం చూసొద్దామంటే ఈయన మాత్రం విడిది దగ్గరే కూర్చునేవాడట.

రెండువేల సంవత్సరం దాటాక ఒక శీతాకాలం, పిల్లలను బస్సులో కొత్తపట్నం తీసుకెళ్లాం. ఆయన్ను రమ్మని పిల్లలే వెంటపడ్డారు. ఎందుకు ఒప్పుకున్నాడో తెలియదు. చీకటితో బయల్దేరి, పొద్దెక్కుతుండగా ఇసుక మీద దిగాం. పిల్లలు కేకలు పెడుతూ నీళ్లలోకి పరిగెత్తారు. ఆయన సరుగుడు చెట్ల దగ్గరే ఆగిపోయాడు. నేనూ ఆగాను.

సముద్రం మీద సన్నగా మంచు ఉంది. అందులోంచి పడవలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి, వేటకు పోయి తిరిగొచ్చేవి. ఆయన పెదవులు కదులుతున్నాయి. "ఒకటి... రెండు... మూడు..." లెక్కపెడుతున్నాడు. మెడ నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. నాకు భయమేసి చెయ్యి పట్టుకున్నాను.

"తాతా, వెనక్కి పోదామా?"

ఆయన వినలేదు. నేను ఎడంవైపు ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది.

ఏడో పడవ దగ్గరికొచ్చింది. అందులోని మనిషి నీళ్లలోకి దూకి, తాడు ఒడ్డుకు విసిరి, "ఒరేయ్, ఒక చెయ్యెయ్యండ్రా!" అని అరిచాడు. ఒడ్డున ఇద్దరే ఉన్నారు. అల పడవను వెనక్కి లాగుతోంది.

తాత చెయ్యి విడిపించుకున్నాడు. లుంగీ పైకి మడిచి, నేను ఆపేలోపే ఇసుకలో గబగబా దిగిపోయాడు. ఎనభై ఏళ్ల మనిషి తాడు అందుకోవడం చూసి మా పిల్లలు నీళ్లలోంచి పరిగెత్తుకొచ్చి ఆయన వెనక వరసకట్టారు. హెడ్మాస్టరు గారు చెప్పులు వదిలేసి వచ్చారు. నేనూ పట్టుకున్నాను. తాడు తడిసి, బరువుగా, అరచేతులు కోసుకునేలా ఉంది. "హైలెస్సా" అని జాలరి అరిస్తే అందరం ఒక్కసారి లాగాం. పడవ ముక్కు ఇసుకలోకి దూసుకొచ్చి ఆగింది.

ఆయన అక్కడే తడి ఇసుకలో కూలబడ్డాడు. రొప్పుతున్నాడు, మొహమంతా ఉప్పునీళ్లు. ఎంతసేపో ఆ పడవను, అందులోంచి గంపలు దించుతున్నవాళ్లను చూస్తూ ఉండిపోయాడు. నేను చుట్టు తిరిగి కుడివైపుకు వెళ్లి, మంచినీళ్ల సీసా ఇచ్చాను. సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు.

పడవవాడు రెండు పెద్ద చందువా చేపలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. "తీస్కో తాతా, పాత చెయ్యి! బాగా లాగావ్" అన్నాడు. తాత వద్దనలేదు. కోడలికి చందువా అంటే ఇష్టమట. వాటిని తాటాకు బుట్టలో పెట్టించుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దర్శి దాకా ఆ బుట్టను ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు. బస్సంతా చేపల వాసన. డ్రైవరు విసుక్కున్నాడు గానీ, పిల్లలెవరూ ఒక్క మాట అనలేదు.